స్ట్రెయిట్ రేజర్ పదును: కొత్తవాళ్ళు స్ట్రాప్, పేస్ట్, ఫిల్మ్, సానరాళ్ళలో ముందు ఏది కొనుక్కోవాలి

స్ట్రెయిట్ రేజర్, అంటే మడిచే పాత తరహా గడ్డం కత్తి, కొనాలని డిసైడ్ అయినవాళ్ళు చాలామంది కత్తి గురించి తెగ వెతుకుతారు, ఏ ఊర్లో తయారైంది, పిడి కొమ్ముదా చెక్కదా, బ్లేడ్ మీద నగిషీ ఉందా అని, పదును సంగతి మాత్రం కత్తి చేతికొచ్చాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది పదును సంగతే. కత్తి ఎంత మంచిదైనా దాని అంచుని నిలబెట్టుకోవడం రాకపోతే కొన్ని వారాల్లోనే గడ్డం లాగడం మొదలెడుతుంది, అదే మామూలు కత్తి అయినా అంచు బాగుంటే ఏళ్ళ తరబడి హాయిగా నడుస్తుంది.

పదును అని ఒకే మాటలో అనేస్తాం గానీ ఇందులో మూడు వేరే వేరే పనులున్నాయి, ఈ మూడూ కలిపేసుకోవడం వల్లే కొత్తవాళ్ళు అనవసరంగా అరడజను రాళ్ళు కొనేస్తారు. గీసుకునే ప్రతిసారీ తోలు మీద ఆడించడం ఒకటి, అదే స్ట్రాపింగ్, ఇది పదును పెట్టడం కాదు, ఉన్న అంచుని సాపు చేసి నిలబెట్టడం. కొన్ని నెలలకొకసారి అంచు కాస్త మొద్దుబారినప్పుడు చేసే చిన్న రిపేరు రెండోది, దాన్నే టచప్ అంటారు. అంచు పూర్తిగా పోయినప్పుడో, పాత కత్తి దొరికినప్పుడో మొదట్నుంచీ రాయి మీద బెవెల్, అంటే అంచుకి రెండు వైపులా ఉండే సన్నని వాలు, కట్టుకుంటూ రావడం మూడోది, ఇది ఫుల్ హోనింగ్. మొదటిది కత్తి కొన్న రోజు నుంచే కావాలి, రెండోది కొన్ని నెలల తర్వాత, మూడోది మీకు మొదటి ఏడాది అవసరమే పడకపోవచ్చు.

ఇక ఏది ఎంచుకోవాలో తేల్చడానికి నేను వాడే కొలత ఒకటే. చెయ్యి తప్పితే ఎంత నష్టం, ఆ నష్టాన్ని మనమే సరిచేసుకోగలమా అన్నది. ఎంత పదునొస్తుంది, ఎంత తొందరగా వస్తుంది అన్నవి ఆ తర్వాతే, ఎందుకంటే నేర్చుకునేవాళ్ళ చెయ్యి తప్పడం ఖాయం, ఒకసారి అరిగిపోయిన స్టీల్ వెనక్కి రాదు.

కత్తి కొనేటప్పుడే సగం పని తేలిపోతుంది

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కత్తులన్నీ గీసుకోవడానికి రెడీగా ఉండవు, పేరున్న జర్మన్ కత్తులు కూడా అంతే. అందుకే షేవ్ రెడీ అని అమ్మేవాళ్ళ దగ్గర, అంటే చేత్తో హోన్ చేసి (రాయి మీద నూరి) పంపేవాళ్ళ దగ్గర కొనడం నా మొదటి సలహా, దీనివల్ల మంచి అంచు చర్మం మీద ఎలా ఉంటుందో మొదటి రోజే తెలుస్తుంది, తర్వాత మీరు చేసే ప్రతి పనికీ అదే కొలత అవుతుంది. ఆ కొలత లేనివాళ్ళకి తప్పు తమ చేతిదా, నురగదా, రాయిదా అన్నది తేల్చుకోవడం చాలా కష్టం.

సైజుల్లో 5/8 అంటే అంచు నుంచి వెన్ను (అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు) దాకా అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు, సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అయితే సుమారు 19. ఈ రెండిట్లో ఏదైనా ఓకే. గ్రైండ్, అంటే బ్లేడ్ పక్కల ఆకారం, విషయానికొస్తే హాలో గ్రౌండ్ తీసుకోండి, పక్కలు లోపలికి తొలిచి ఉంటాయి కాబట్టి రాయికి తగిలేది వెన్నూ అంచూ మాత్రమే, పని తక్కువ. వెడ్జ్ అనే మందపాటి పాత రకం కత్తులు చూడ్డానికి రాజసంగా ఉంటాయి గానీ రాయి మీద చాలా ఎక్కువ మెటల్ తీయాల్సి వస్తుంది, అవి తర్వాత చూసుకోవచ్చు.

కార్బన్ స్టీలా స్టెయిన్‌లెస్సా అంటే, కార్బన్ రాయి మీద తొందరగా మాట వింటుంది, కాకపోతే తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పుకి బాగా ఆగుతుంది, అంచు కూడా బాగానే నిలుస్తుంది, అయితే హోనింగ్‌కి కొంచెం ఓపిక కావాలి. కత్తి తుడిచి ఆరబెట్టే అలవాటు మీకుంటే కార్బన్, లేదు బాత్రూమ్‌లోనే వదిలేస్తాను అనుకుంటే స్టెయిన్‌లెస్. పాత కత్తులు కొనాలనుకుంటే అంచు మధ్యలో లోపలికి వంగిందా, చివర పెళ్ళు ఊడిందా, అంచు దగ్గర తుప్పు గుంటలున్నాయా అని ఫొటోలు పెద్దవి చేసి చూడండి, వెన్ను ఒకవైపు మరీ వెడల్పుగా అరిగుంటే ఆ కత్తి వదిలేయండి.

ఈ గొడవంతా వద్దనుకునేవాళ్ళకి షావెట్ ఉంది, బ్లేడ్ మార్చుకునే రకం, పదును పెట్టే పనే లేదు. అయితే షావెట్ మీద చెయ్యి కుదిరినా అసలు కత్తి మీద మళ్ళీ నేర్చుకోవాల్సింది కొంత ఉంటుంది, షావెట్ బ్లేడ్ చిన్న తప్పుని కూడా క్షమించదు, బాగా హోన్ చేసిన కత్తి దానికంటే మెత్తగా నడుస్తుంది. స్ట్రాపింగ్ మీద మీకు అసలు ఇష్టం లేకపోతేనే షావెట్ వైపు వెళ్ళండి.

స్ట్రాప్: వేలాడేదా, చెక్క మీదదా

వేలాడే స్ట్రాప్ ఒక కొక్కేనికి తగిలించి రెండో చివర చేత్తో లాగి పట్టుకునేది, చాలావాటికి తోలుతో పాటు ఇంకో పొర గుడ్డది ఉంటుంది, ముందు గుడ్డ మీద 20, 30 సార్లు, తర్వాత తోలు మీద 50, 60 సార్లు ఆడించడం మామూలు పద్ధతి, వెళ్ళి రావడం కలిపితే ఒకటి. ప్యాడిల్ స్ట్రాప్ అయితే చెక్క మీద అతికించిన తోలు, బల్ల మీద పెట్టి వాడుకోవచ్చు.

కొత్తవాళ్ళు వేలాడే స్ట్రాప్‌తో చేసే నష్టం ఒక్కచోటే ఉంటుంది, పట్టీ వదులుగా పట్టుకోవడం. వదులుగా ఉంటే తోలు అంచు చుట్టూ వంగుతుంది, అంచు గుండ్రంగా తిరిగిపోతుంది, ఇక ఎన్నిసార్లు ఆడిస్తే అంత మొద్దుబారుతుంది, మనిషేమో స్ట్రాపింగ్ తక్కువైందనుకుని ఇంకా ఎక్కువ చేస్తాడు. ప్యాడిల్‌తో ఈ సమస్య దాదాపు ఉండదు, కింద చెక్క ఉంది కాబట్టి తోలు వంగదు. కానీ చాలా ప్యాడిల్స్ పొట్టివి, రెండు అడుగుల పట్టీ మీద వచ్చే లయ వాటి మీద రాదు.

కొక్కేనికి తగిన చోటుండి రోజూ అక్కడే గీసుకునేవాళ్ళకి 3 అంగుళాల వెడల్పు వేలాడే స్ట్రాప్ చెప్తాను, అంత వెడల్పుంటే మామూలు కత్తి అంచు మొత్తం ఒకేసారి తోలు మీద ఆనుతుంది, అంతకంటే సన్నదైతే మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా ఐమూలగా జారుస్తూ వెళ్ళాలి, అదీ నేర్చుకోవాల్సిందే గానీ మొదటి రోజే అక్కర్లేదు. ప్రయాణాలు ఎక్కువున్నవాళ్ళు, చెయ్యి వణుకుతుందేమో అని భయమున్నవాళ్ళు ప్యాడిల్ తీసుకోండి, ఏ తప్పూ లేదు. ఏదైనా సరే మొదటి స్ట్రాప్ మామూలు ఆవు తోలుది చాలు, దాని మీద ఒకట్రెండు గాట్లు పడటం సహజం, చిన్న గాటుని సన్నని ఇసుక కాగితంతో సాపు చేసుకోవచ్చు. గుర్రం తోలు నున్నగా తొందరగా జారుతుంది, ల్యాటిగో లాంటి నూనె పట్టిన తోలు కత్తిని పట్టి లాగినట్టుంటుంది, ఇవి అలవాటు మీద ఆధారపడ్డ ఇష్టాలే, ఒకటి గొప్పది ఒకటి తక్కువది అని కాదు.

ఇక్కడ ఒక్క సంగతి మాత్రం వదలకుండా పట్టుకోవాలి: తోలు మీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి, చివరికి వచ్చాక కత్తిని వెన్ను మీదే పొర్లించి తిప్పాలి, అంచు పైకి లేచి తిరగాలి తప్ప అంచు మీద తిప్పకూడదు. రాయి మీద మాత్రం దీనికి రివర్స్, అంచు ముందు. వెన్ను ఎప్పుడూ తోలుని వదలకూడదు, బరువు వేయకూడదు, మొదట్లో చాలా మెల్లగా చేయండి, వేగం దానంతట అదే వస్తుంది. స్పీడ్‌గా టపటపా ఆడించే వీడియోలు చూసి అలా చేయబోతేనే గాట్లు పడేది.

టచప్‌కి నాలుగు దారులు

అసలు ఎంచుకోవాల్సింది ఇక్కడే, డబ్బు వృథా అయ్యేది కూడా ఇక్కడే.

మొదటిది పేస్ట్ రాసిన బాల్సా అనే తేలికైన మెత్తటి చెక్క. క్రోమియం ఆక్సైడ్ అనే పచ్చ రంగు పేస్ట్, రేణువు సాధారణంగా 0.5 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), సమంగా ఉన్న బాల్సా ముక్క మీద పల్చగా రుద్ది స్ట్రాప్ చేసినట్టే 10 సార్లు ఆడిస్తే అంచు మళ్ళీ లేస్తుంది. కొత్త చేతికి ఇదే అన్నిటికంటే తేలిక, ఎందుకంటే కదలిక మీకు ముందే వచ్చు, అంచు వెనక నడుస్తుంది కాబట్టి తవ్వుకుపోయే భయం లేదు. లోటు ఏంటంటే చెక్క మెత్తన, అంచు కొసలో కొద్దికొద్దిగా గుండ్రదనం వస్తుంది, మొదటి మూడు నాలుగు టచప్‌లు అద్భుతంగా అనిపిస్తాయి, తర్వాత్తర్వాత ఫలితం తగ్గుతూ వచ్చి ఒకరోజు రాయి తప్పదు. డైమండ్ పేస్ట్ దీనికంటే గట్టిగా తొందరగా కోస్తుంది, కొందరి చర్మానికి ఆ అంచు కాస్త కరుగ్గా తగులుతుంది, సున్నితమైన చర్మమున్నవాళ్ళు పచ్చదానితో మొదలెట్టడం నయం. ఏ పేస్టైనా సరే మీ రోజువారీ తోలు మీద రాయొద్దు, ఒకసారి రాస్తే ఆ తోలు ఇక మామూలు స్ట్రాప్‌గా పనికిరాదు, పేస్ట్ వాడాక కత్తిని బాగా తుడిచాకే తోలు దగ్గరికి వెళ్ళండి.

రెండోది ల్యాపింగ్ ఫిల్మ్. ప్లాస్టిక్ షీట్ మీద అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు సమంగా అద్ది ఉంటాయి, 12, 9, 5, 3, 1 మైక్రాన్ అని దొరుకుతాయి, 3ఎం కంపెనీవి ఎక్కువమంది వాడతారు. మందపాటి అద్దం ముక్క మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి షీట్ పరిస్తే అంటుకుంటుంది, టచప్‌కి 1 మైక్రాన్ షీట్ ఒక్కటే చాలు. దీనిలో నాకు నచ్చేది రాయిని సమం చేసే పనే లేకపోవడం, అద్దం సమంగా ఉంటే షీట్ సమంగా ఉన్నట్టే. కానీ షీట్ కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా, ఒక గాలి బుడగ ఉన్నా అక్కడ అంచు దెబ్బతింటుంది, గట్టిగా నొక్కితే కత్తి షీట్‌నే కోసేస్తుంది, షీట్లు అరిగిపోతాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ కొనాలి. ఒక్క కత్తి ఉండి, రాయి పెట్టుకునే చోటు లేక, శుభ్రంగా చేసే ఓపిక ఉన్నవాళ్ళకి బాగా సరిపోతుంది.

మూడోది 12000 గ్రిట్ సింథటిక్ రాయి (గ్రిట్ నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన), నానివా 12000 ఈ పనికి బాగా తెలిసిన పేరు. దీన్ని నానబెట్టక్కర్లేదు, నీళ్ళు చిలకరిస్తే చాలు, కత్తి బరువు తప్ప ఇంకేమీ వేయకుండా 15, 20 స్ట్రోకులు ఇస్తే టచప్ అయిపోతుంది. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి నడిపిస్తే కోణం కోసం మీరు ఏమీ చేయక్కర్లేదు, కత్తి చేసినవాళ్ళే వెన్ను మందంలో ఆ కోణాన్ని పెట్టేశారు, చాలా కత్తులకి రెండు వైపులూ కలిపి 16, 17 డిగ్రీల దగ్గర పడుతుంది. వంటింటి కత్తి నూరడం వచ్చినవాళ్ళు ఇక్కడే తడబడతారు, వెన్ను ఎత్తి పట్టుకునే అలవాటు వాళ్ళ చేతికి ఉంటుంది, అది పూర్తిగా మానుకోవాలి. ఈ రాయి లోటు ఏంటంటే మెత్తన, నొక్కితే అంచు దిగుతుంది, అప్పుడప్పుడు సమం చేసుకోవాలి.

నాలుగోది సహజమైన రాళ్ళు. బెల్జియం ఆర్డెన్ ప్రాంతం కోటిక్యూల్, జర్మనీ తురింగియా రాళ్ళు, జపాన్‌లో క్యోటో చుట్టుపక్కల కొండల రాళ్ళు, అమెరికా ఆర్కన్సా రాళ్ళు. వీటి అందం వేరు, నిజంగా వేరు. కోటిక్యూల్‌లో కోసేది గార్నెట్ రేణువులు, దాని మీద చిన్న రాయి ముక్కతో రుద్ది పాలలాంటి స్లర్రీ (రాతిపొడి కలిసిన నీళ్ళు) తీసి, నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ పల్చన చేస్తూ పోతే ఒకే రాయి మీద బెవెల్ దగ్గర్నుంచి ఆఖరి మెరుగు దాకా వెళ్ళొచ్చు, దాని మీద వచ్చే అంచు చర్మానికి చాలా సుఖంగా ఉంటుంది. ఆర్కన్సా గట్టి రాయి, చాలా నిదానంగా కోస్తుంది, నూనెతో వాడేవాళ్ళు ఎక్కువ. ఇంత ఇష్టంగా చెప్తున్నా మొదటి రాయిగా మాత్రం వీటిని వద్దంటాను, కారణం ఒక్కటే, ఏ రెండు ముక్కలూ ఒకలా ఉండవు. సింథటిక్ మీద అంచు రాకపోతే తప్పు చేతిదే అని తెలుస్తుంది, సహజమైన రాయి మీద రాకపోతే రాయిదా చేతిదా అని నెలల తరబడి తేలదు. చెయ్యి కుదిరాక కొనుక్కోండి, అప్పుడు ఆ రాయి ఏం చెప్తోందో మీకు అర్థమవుతుంది.

నా ఓటు మూడోదానికి, 12000 సింథటిక్. అది తీసే మెటల్ చాలా తక్కువ కాబట్టి తప్పు చేసినా పెద్దగా పోయేదేమీ లేదు, ఇంకో 20 స్ట్రోకులు సరిగ్గా ఇస్తే సరిపోతుంది, పైగా రేపు మీరు ఫుల్ హోనింగ్ నేర్చుకున్నా వరసలో ఆఖరి రాయి అదే కాబట్టి కొన్నది వృథా కాదు. నాకు హోనింగ్ నేర్చుకునే ఉద్దేశమే లేదు, ఏడాదికోసారి ఎవరికైనా పంపించేస్తాను అనేవాళ్ళకి మాత్రం రాయి వద్దు, బాల్సా పచ్చ పేస్ట్ చాలు. రెండూ కొని పక్కపక్కన పెట్టుకుని రెండూ కలిపి వాడొద్దు, ఏది ఏం చేసిందో తెలియదు.

ఫుల్ హోనింగ్: మీరా, ఇంకొకరా

మెట్లు ఇవి: 1000 మీద బెవెల్ కట్టడం, 4000 లేదా 5000, తర్వాత 8000, ఆఖరున 12000. నార్టన్ 4000/8000 అని ఒకే రాయికి రెండు వైపులున్నది చాలామంది ఇందులో మధ్య రెండు మెట్లకి వాడతారు, కింగ్ 1000 లాంటివి నానబెట్టి వాడాలి, షాప్టన్‌వి నీళ్ళు చల్లి వాడొచ్చు. నానబెట్టే రాళ్ళు మెత్తగా హాయిగా కోస్తాయి గానీ ప్రతిసారీ ముందే ప్లాన్ చేసుకోవాలి, తర్వాత ఆరబెట్టుకోవాలి, ఎప్పుడో ఒకసారి చేసేవాళ్ళకి నీళ్ళు చల్లే రకమే నయం.

అంచు పుట్టేది 1000 మీదే, మిగతావన్నీ దాన్ని నున్నగా చేసేవి. అక్కడ రెండు వైపుల బెవెల్స్ అంచు పొడుగునా కలవకపోతే తర్వాత 12000 మీద గంటసేపు ఆడించినా ఏమీ రాదు. అలాగే కత్తి పాడయ్యేది కూడా ఎక్కువగా 1000 మీదే, నొక్కి రుద్దితే వెన్ను అరుగుతుంది, మడమ దగ్గర కొక్కెంలా వస్తుంది, మధ్యలో అంచు లోపలికి పోతుంది, ఇవి సరిచేయాలంటే ఇంకా బోలెడు స్టీల్ తీయాలి. నా కొలత ప్రకారం చూస్తే ఈ ఒక్క మెట్టు మొదటి ఏడాది చేయి తిరిగినవాళ్ళకి వదిలేయడం మంచిది, నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే మీ మంచి కత్తి మీద కాకుండా ఏదైనా మామూలు కార్బన్ కత్తి మీద నేర్చుకోండి.

ఆ నేర్చుకునేటప్పుడు బెవెల్ మీద మార్కర్ పెన్‌తో రంగు పూసి రెండు స్ట్రోకులిచ్చి చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో ఎక్కడ తగలట్లేదో కళ్ళకి కనబడుతుంది, ఇంతకంటే మంచి గురువు లేడు. చిన్న భూతద్దం ఒకటి దగ్గరుంచుకోండి, 10 రెట్లదైనా పనికొస్తుంది. వెన్నుకి ఎలక్ట్రికల్ టేప్ అంటించాలా వద్దా అంటే, అంటిస్తే వెన్ను అరగదు, నగిషీ ఉన్న కత్తులకి అది మంచిదే, కాకపోతే కోణం కొంచెం మారుతుంది కాబట్టి ఒకసారి టేప్‌తో చేసిన కత్తికి టచప్‌కి కూడా టేప్ అంటించాలి, లేకపోతే రాయి అంచు కొసకి తగలదు. ఏదో ఒకటి డిసైడ్ అయి ఆ కత్తికి ఎప్పుడూ అదే పాటించండి. వంటింటి కత్తులకి వాడే లాగుడు షార్ప్‌నర్లు, స్టీల్ రాడ్లు మాత్రం దీని దగ్గరికి రానివ్వొద్దు.

రాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూడ్డానికి పెన్సిల్‌తో గళ్ళు గీసి డైమండ్ ప్లేట్ మీద గానీ అద్దం మీద పరిచిన వాటర్‌ప్రూఫ్ ఇసుక కాగితం మీద గానీ రుద్దండి, గీతలన్నీ పోయేదాకా రుద్దితే సమమైనట్టే. కొత్త రాయిని కూడా మొదటిసారి వాడేముందు ఇలా చేయాలి.

గీసుకున్నాక కత్తి తుడిచి, పిడి కీలు దగ్గర తడి లేకుండా చూసి, కాసేపు తెరిచి ఆరనిచ్చి మూయండి. కొన్ని రోజులు వాడకపోతే పల్చగా మినరల్ ఆయిల్ గానీ కమీలియా నూనె గానీ రాయండి. మరిగే నీళ్ళలో ముంచొద్దు, కొమ్ము పిడులు వంకర పోతాయి. సొంత కత్తి ఇంకెవరికీ ఇవ్వొద్దు, రక్తం ద్వారా వచ్చే జబ్బులున్నాయి.

పదును పరీక్షల్లో గోటి మీద గీసి చూడటం 1000 మెట్టు దాకానే, మెరుగు పెట్టిన అంచుని గోటి మీద పెడితే పాడవుతుంది. చేతి వెంట్రుకల కొసల మీదుగా చర్మానికి తగలకుండా నడిపితే కోస్తుందా అన్నది మంచి పరీక్ష. వెంట్రుక వేలాడదీసి కోసే పరీక్ష వెంట్రుకని బట్టి మారిపోతుంది, అందుకని అది ఫెయిలైందని రాయి దగ్గరికి పరిగెత్తక్కర్లేదు.

కత్తి లాగుతోంది అనిపించినప్పుడు ముందు నురగ తడిగా ఉందా, వెన్ను చర్మం మీద మరీ ఎత్తి పట్టుకుంటున్నానా చూసుకోండి, మామూలుగా వెన్ను మందానికి ఒకటిన్నర రెండింతల ఎత్తు చాలు. అవి బాగుంటే రెండు రోజులు తోలు బిగించి పట్టుకుని శ్రద్ధగా స్ట్రాప్ చేయండి. అప్పటికీ లాగితే 12000 మీద 20 స్ట్రోకులు. దానికీ రాకపోతే 8000 మీద తేలిగ్గా 20, 30, మళ్ళీ 12000. అక్కడా రాలేదంటే బెవెలే పోయిందని అర్థం, అప్పుడు కత్తి తుడిచి నూనె రాసి చేయి తిరిగినవాళ్ళకి పంపండి, పంపేటప్పుడు ఇంతకుముందు టేప్ వాడారో లేదో, ఏ రాయి దాకా వెళ్ళారో ఒక చీటీ మీద రాసి పెట్టండి, వాళ్ళు తీయాల్సిన స్టీల్ తగ్గుతుంది.